గుంటూరి గ్రహణమును బరీక్షించిన జాన్సెను పండితుడు

గ్రహణమనగానే పట్టుస్నానము, విడుపుస్నానము, ఊరగాయ జాడీలపై దర్భలు, గర్భిణులకు చీకటిగదియు నేటికిని మన గృహములలో గొన్నిచోట్ల గానవచ్చుచున్నవి. ఆ గ్రహణమునే సత్యాన్వేషణమునకు సాధనముగా జేసికొన్న యొక మహనీయుని చరితమును మేము చదువరులకు విన్నవించుచున్నాము.

జాన్సెను 1824వ సంవత్సరమున పారిసు నగరమున జన్మించెను. బాల్యముననే ప్రమాదవశమున కాలు కుంటువడెను. ఇంటి యిబ్బందులచే బ్యాంకులో గుమాస్తాపని చేయవలసివచ్చినను విద్యను విడువక, కాంతిని వర్ణములుగా విడదీసి పరీక్షించు శాస్త్రమున బ్రవీణుడయ్యెను. ప్రతి మూలపదార్థమును వాయువై వెలుగునపుడు తనకే చెందిన రేఖలను జూపును. కావున దూరపు నక్షత్రము దేనితో నిర్మింపబడెనో దాని వెలుగే మనకు జెప్పును.

1868 ఆగస్టు 18వ తేదీని సంపూర్ణ సూర్యగ్రహణము మన తెలుగునేలమీదుగా బోయెను. దానికై జాన్సెను గుంటూరునకు వచ్చెను. సూర్యబింబము పూర్తిగ మఱుగుపడిన యా కొలది నిమిషములలో, దాని యంచున లేచిన యెఱ్ఱని జ్వాలలు ముఖ్యముగ ఉదజనివాయువేయని గ్రహించెను. వాని రేఖల తీవ్రతను జూడగా, గ్రహణము లేకున్నను వానిని గనుగొనవచ్చునని యాతనికి దోచెను. మఱునాడే పట్టపగటి సూర్యునియందు వానిని జూచెను!

ఇంగ్లండున లాకియరు పండితుడును స్వతంత్రముగ నీ మార్గమునే కనుగొనెను. ఇరువురి వార్తలును పారిసు విద్వత్పరిషత్తునకు నొకేదినమున జేరెను. వారు కీర్తికై కలహింపక మిత్రులైరి. 1872లో ఫ్రాన్సుదేశము వారిరువురి రూపములతో నొక పతకమును ముద్రించెను. ఆ జ్వాలలలోని యొక పసుపురేఖ తెలిసిన యే పదార్థమునకును జెందదని లాకియరు నిర్ణయించెను. ఆ పదార్థమే హీలియము. 1895లో రాంసే పండితుడు దానిని భూమిపై గనుగొనెను.

1870లో పారిసు శత్రువుల ముట్టడిలో నుండగా, మఱియొక గ్రహణమును జూచుటకై జాన్సెను బెలూనునెక్కి నగరమునుండి వెడలి ఆల్జీరియా చేరెను. ఆనాడు మబ్బులు గప్పినందున నేమియు గానరాలేదు. అయినను నిరుత్సాహపడక, 1907లో మరణించువఱకును సూర్యోపాసనమువంటి యా పరిశోధనమునే సాగించెను.

సూర్యుని మ్రింగు రాహువు లేడు. భూమిని నడపు ధర్మమే నక్షత్రములను నడపుచున్నది. సర్వమునకును గర్త యొక్కడే. ఆయన సత్యమును దెలిసికొనుటకు శుభలగ్నముతో బనిలేదు. గ్రహణము విడిచిన మఱునాడు గుంటూరిలో జాన్సెను మనకు జూపిన దిదియే.