గోలకొండ తుది ప్రభువు

గోలకొండ కోటకు ఉత్తరమున కుతుబ్ షాహీ ప్రభువుల సమాధి మందిరములు బారులు తీరి యున్నవి. ఆ వంశపు కడపటి రాజు మాత్రము అచ్చట లేడు. రామదాసు కథవలన తెలుగువారి యింటింటను పేరు వినబడు అబుల్ హసన్ తానీషా, మహారాష్ట్రమున దౌలతాబాదు కోటకు కొద్ది క్రోసుల దూరముననున్న ఖుల్దాబాదులో, ఒక సామాన్యమైన గోరీ క్రింద నిద్రించుచున్నాడు. అతడచ్చటి కెట్లు చేరెనో తెలిసికొన్నచో, ధనమునకును అధికారమునకును గల యెల్లలు కొంతవరకు మనకు గోచరింపగలవు.

అబుల్ హసన్ రాజవంశమునకు దూరపు బంధువు. యౌవనమున పెక్కేండ్లు షా రాజు అను సూఫీ గురువు నాశ్రయించి, ఫకీరుల నడుమ కాలము గడపెను. సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షాకు మగ సంతతి లేదు, ముగ్గురు కుమార్తెలు. ఒకామెను ఔరంగజేబు కుమారునకును, మరియొకామెను నిజాముద్దీన్ అహమ్మదు అను ప్రముఖునకును ఇచ్చిరి. మూడవయామె చేయి ఈ ఫకీరుల చెలికానికి దక్కెను. 1672లో అబ్దుల్లా మరణింపగా సింహాసనమునకై తగవు పుట్టెను. బలము, ధనము, పలుకుబడి గల నిజాముద్దీన్ అహమ్మదు ఓడి చెరసాల పాలయ్యెను. ఏమియు లేని మూడవ అల్లుని సర్దారులు సింహాసన మెక్కించిరి. సంపద వచ్చునపుడును మన యోగ్యతను విచారించి రాదు.

తానీషాను ఆదర్శప్రభువని పొగడుట సత్యమునకు దూరము. అతడు భోగప్రియుడు. రాజ్యభారమును మాదన్న, అక్కన్న అను బ్రాహ్మణ సోదరులకు వదలి, తాను సంగీత సాహిత్యములతో ప్రొద్దుపుచ్చెను. వారి మేనల్లుడని చెప్పబడు కంచర్ల గోపన్న, సర్కారు పైకమును భద్రాచల దేవాలయమునకు వెచ్చించి చెరసాల కేగిన కథ సుప్రసిద్ధము. అయినను మతభేదము పాటింపక సమర్థులకు పదవులిచ్చుట, 1677లో శివాజీని రాజధానికి రావించి గౌరవించుట, ఆ ప్రభువు విశాల హృదయమునకు నిదర్శనములు. వజ్రపు గనులు, మచిలీబందరు వర్తకము, నేత పనివారి నైపుణ్యము గోలకొండ బొక్కసమును నింపుచుండెను.

ఆ బొక్కసమే శత్రువునకు కన్నుకుట్టు కలిగించెను. 1685లో మొగలు సేనలు హైదరాబాదు నగరమును దోచెను. మరుసటి యేట, ఢిల్లీ చక్రవర్తి కోప ముపశమించునను నాసతో అంతఃపురమువారును కొందరు సర్దారులును పన్నిన కుట్రకు అక్కన్న మాదన్నలు నడివీధిలో బలియైరి. కోట్ల ధనమున్న రాజు తన మంత్రిని తన వాకిట కాపాడుకొనలేకపోయెను. ఆ రక్తముతో శాంతియు లభింపలేదు. 1687 ఆరంభమున ఔరంగజేబు స్వయముగా వచ్చి కోటను ముట్టడించెను.

ఎనిమిది నెలలు కోట లొంగలేదు. వానలు, కరవు, వ్యాధులు మొగలు శిబిరమును పీడించెను. కోటగోడలకు పెట్టిన మందుపాతరలు ఎదురు తిరిగి మొగలు భటులనే చంపెను. బలమునకు సాధ్యముకాని పనిని లంచము సాధించెను. సెప్టెంబరు 21వ తేదీ తెల్లవారుజామున అబ్దుల్లాఖాన్ పన్ని అను సేనాని తలుపు తెరచెను. అబ్దుర్ రజాక్ లారీ అను స్వామిభక్తుడు ఒడలెల్ల గాయములతో తుదివరకు పోరాడెను. ఏ బంగారము ఒక సేవకుని కొన్నదో ఆ బంగారమే మరియొకని కొనలేకపోయెను.

బంధించుటకు వచ్చిన మొగలు అధికారులను తానీషా మర్యాదతో నాహ్వానించి, భోజనవేళ కాగా వడ్డింపజేసికొని, తొట్రుపాటు లేక తిని, వారి వెంట బయలుదేరెనని చరిత్రకారులు వ్రాసిరి. ఫకీరుల మఠములో లేమిని చవిచూచిన వానికి, కలిమి పోయినప్పుడు క్రొత్తగా నేర్చుకొనవలసినది లేకపోయెను కాబోలు. విజేతకు రొక్కము రూపముననే సుమారు ఏడు కోట్ల రూపాయలు దొరకెను. ఓడినవానికి దౌలతాబాదు కోటలో చెరయు, ఏటికి ఏబదివేల రూపాయల భరణమును ఏర్పడెను. పండ్రెండేండ్ల పిదప, 1699లో, తానీషా ఆ కోటలోనే కన్నుమూసెను.

గెలిచినవాని గతి యేమి? దక్షిణాపథమును జయింప వచ్చిన ఔరంగజేబు తిరిగి ఢిల్లీని చూడలేదు. గోలకొండ ధనము మహారాష్ట్ర యుద్ధములలో కరగిపోయెను. మహారాష్ట్రులు మాత్రము లొంగలేదు. 1707లో, ఎనుబదియెనిమిదేండ్ల వయస్సున, అహమ్మదునగరమువద్ద ఆ చక్రవర్తి మరణించెను. అతని కోరికననుసరించి ఆకాశమే కప్పుగా నిరాడంబరమైన సమాధి కట్టిరి. అదియు ఖుల్దాబాదులోనే. ఆ వెనుక గోలకొండ రాజ్య మేలిన ఆసఫ్ జాహీల మూలపురుషుడు నిజాముల్ముల్కు 1748లో గతింపగా, అతనిని సైతము అచ్చటనే ఖననము చేసిరి. పోగొట్టుకొన్నవాడు, లాగుకొన్నవాడు, పిమ్మట అనుభవించినవాడు, మువ్వురును ఒక్క ఊరి మట్టిలో కలిసిరి. న్యాయవాదుల పరిభాషలో చెప్పవలెనన్న, మువ్వురకును గోలకొండపై సంక్రమించినది జీవితానుభవపు హక్కు మాత్రమే.

ఏడు కోట్లలో ఒక్క రూపాయికైనను నేడు జాడ లేదు. భద్రాచలమున శ్రీరామనవమినాడు మాత్రము సీతారాముల కల్యాణమునకు సర్కారు పక్షమున ముత్యాల తలంబ్రాలు నేటికిని సమర్పింపబడుచున్నవి. ఆ ఆచారము తానీషా నెలకొల్పినదని ప్రజల విశ్వాసము. నవాబుల యేలుబడి 1948లో అంతరించిన పిదపను అది ఆగలేదు. ఇనుపపెట్టెల బీగములను మాటిమాటికి తడవి చూచుకొను మనము, గోలకొండ బొక్కసమునుండి శత్రువు దోచుకొనలేకపోయినది ఆ పిడికెడు ముత్యాలే యని తెలిసికొనుట మేలు.