శ్రీకాళహస్తి కవి ధూర్జటి

మరణానంతరము జీవునకు సద్గతి దేనివలన కలుగును? పుత్రులవలననా, శాస్త్రపాండిత్యమువలననా, ప్రభువుల ప్రాపువలననా? ఈ మూడింటిని కాదన్న ధూర్జటి మహాకవి జీవితము శివభక్తులెల్లరును తెలిసికొనదగినది.

ఆయన 16వ శతాబ్దివాడు. నియోగి బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. స్వర్ణముఖీ తీరమందలి శ్రీకాళహస్తియే ఆయనకు సర్వస్వము. పూర్వము చిత్తూరు జిల్లాలో నున్న ఆ క్షేత్రము 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరినది. శ్రీకృష్ణదేవరాయల (1509-1529) అష్టదిగ్గజములలో ధూర్జటి యొకడని ప్రసిద్ధి. రాయలు 1516లో అచ్చట కట్టించిన మహాగోపురము 2010లో కూలిపోయెను. 2017లో నూతన గోపురమునకు కుంభాభిషేకము జరిగినది.

ధూర్జటి రచించిన శ్రీకాళహస్తి మాహాత్మ్యమున ముక్తి పొందినవారెవరు? ఒక సాలెపురుగు, ఒక పాము, ఒక యేనుగు. సాలీడు తన దారముతో శివునకు గుడి కట్టెను. పాము మణులతో పూజించెను. ఏనుగు ఆ మణులను త్రోసివేసి నీరును, పత్రియు సమర్పించెను. ఒకరి పూజ మరియొకరికి అపచారముగా తోచినది! పామును ఏనుగును పోరి ప్రాణములు విడిచినవి. శివుడు వాని అజ్ఞానమును లెక్కింపక తనలో చేర్చుకొనెను. బసవపురాణము చదివిన మన కుటుంబములకు కన్నప్ప క్రొత్తవాడు కాడు. ఆ బోయయే యిచట తిన్నడు. పుక్కిటి నీటితో అభిషేకించి, మాంసము నివేదించి, తుదకు తన కన్నునే పెరికి యిచ్చెను. వేశ్యాకులమున పుట్టిన కన్యలకును ఆ కావ్యమున కైవల్యము లభించినది. వీరిలో స్వర్గభోగమును కోరినవారొక్కరును లేరు.

శ్రీకాళహస్తీశ్వర శతకమున కవి తన మాటగానే పలికెను. కొడుకులు లేరని యేడ్చువారిని మందలించి, నూర్గురు పుత్రులను కన్న ధృతరాష్ట్రునకు కలిగిన గతి యేమి, సంతానము లేని శుకునకు కలిగిన లోటేమి యని నిలదీసెను. లింగైక్యమును నమ్మి, పిండప్రదానముతో పనిలేదను వీరశైవులకు ఈ మాట మిక్కిలి ఆప్తమైనది.

రాజసేవను ఆయన నరకముతో పోల్చెను. రాజాదరమున బ్రతికినవాడు ఇంతగా రోయుట కొందరికి వింతగా తోచవచ్చును. రుచి యెరిగినవాడు కనుకనే రోసెనని మా తలంపు. అయినను కొలువు మాత్రమున దోషము లేదు. బసవేశ్వరుడు బిజ్జలుని భాండారిగా నుండియే జంగమసేవ గావించెను గదా! ప్రభువు మెప్పుకై మనస్సును తాకట్టు పెట్టిననాడే నరకము బ్రతికియుండగనే మొదలగును.

ధూర్జటి విలాసజీవనమును గూర్చి చాటుకథలు పెక్కు ప్రచారమున నున్నవి. తన యింద్రియచాపల్యమును ఆయనయే శతకమున దాచక ఈశ్వరునకు విన్నవించుకొనెను. మనము వేరుగా కథలల్ల నక్కరలేదు.

కాళహస్తిలో నేటికిని మహాశివరాత్రి బ్రహ్మోత్సవములందు తొలి ధ్వజారోహణము కన్నప్ప కొండమీదనే జరుగును. స్వామివారి ఆలయమున ధ్వజమెత్తుట ఆ తరువాతనే.