రక్తపు త్రోవను చూచిన మాల్పీఘీ

బొద్దింకను కోసి చూపునపుడు ఉపాధ్యాయుడు దాని ప్రేగు నంటియున్న సన్నని పసుపుపచ్చని దారములను చూపి, ఇవి మాల్పీఘీ నాళికలని చెప్పును. విద్యార్థి ఆ పేరును వ్రాసికొనును. ఆ పేరు గల మనుష్యుని సంగతి ఎవరో కొందరికే తెలియును.

మార్సెల్లో మాల్పీఘీ ఇటలీలోని బొలోనా నగర సమీపమున క్రెవల్‌కోరే యను ఊర 1628లో జన్మించెను. ఆ సంవత్సరముననే ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే, గుండెనుండి వెడలిన రక్తము మరల గుండెనే చేరునని నిరూపించు గ్రంథమును ప్రకటించెను. కాని ఆ వాదమున ఒక వెలితి యుండెను. ధమనులలోని రక్తము సిరలలోనికి ఏ త్రోవను పోవుచున్నదో హార్వే చూపలేకపోయెను. త్రోవ యుండి తీరవలెనని మాత్ర మాయన నమ్మకము. 1657లో ఆయన మరణించునాటికిని దాని నెవ్వరును చూడలేదు.

మాల్పీఘీ 1653లో వైద్య పట్టము నందెను. కొంతకాలము పీసాలో ఆచార్యుడుగా నుండి, గణితవేత్త బొరెల్లీతో స్నేహము చేసి, స్వస్థలమునకు మరలి వచ్చెను. అచ్చట కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శినితో పరీక్షించెను. ఇది తెలివైన ఎన్నిక. పెద్ద జంతువుల ఊపిరితిత్తి దట్టమైనది. కప్పది పలుచని సంచివంటిది, వెలుతురు దానిగుండా పోవును. రక్తము మాంసమున విచ్చలవిడిగా చిందుటలేదనియు, వెండ్రుకకంటె సన్నని నాళముల వలలోనే పోవుచున్నదనియు ఆయన కన్నులార చూచెను. 1661లో బొరెల్లీకి వ్రాసిన లేఖలలో ఈ సంగతిని వెల్లడించెను. కేశనాళికలని మనము చెప్పుకొనునవి అవియే. వాని పలుచని గోడలనుండియే ప్రాణవాయువును ఆహారసారమును కణములకు చేరును. మలిన పదార్థములు రక్తములోనికి వచ్చును.

ఆ మలినము వెలువడు చోటును గూడ ఆయనయే వెదకెను. మూత్రపిండపు ధమనిలోనికి నల్లని ద్రవము నెక్కించి కోసి చూడగా, నాళపు కొమ్మలకు పండ్లవలె వ్రేలాడు నల్లని గుండ్లు కనబడెను. 1666లో ప్రకటించిన గ్రంథమున, మూత్రము వేరగుట యిచ్చటనే యని ఆయన ఊహించెను. ఆ గుండ్లకును మూత్రనాళికలకును గల సంబంధమును బౌమన్ 1842లో గాని తేల్చలేదు. నేటి లెక్కప్రకారము దినమునకు ఇంచుమించు 180 లీటర్ల ద్రవము ఆ గుండ్లలో వడకట్టబడును; మూత్రముగా వెలువడునది ఒకటిన్నర లీటరే. తక్కినదంతయు రక్తమునకే మరల చేరును. బొద్దింకలో మనము చూచు నాళికలను ఆయన పట్టుపురుగులో చూచి 1669లో వర్ణించెను; వాని పనిని తేల్చినవారు తరువాతివారు.

లండనులోని రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా గౌరవించెను. బొలోనాలో మాత్రము పాతపద్ధతి వైద్యులు, ఈ పరీక్షలవలన రోగి కేమి లాభమని అడుగుచుండిరి. ఆ ప్రశ్న కేవలము మూఢులది కాదు. కప్ప ఊపిరితిత్తినుండి ఆనాడు ఒక్క మందును పుట్టలేదు. 1684లో ఇల్లు కాలి సూక్ష్మదర్శినులును వ్రాతలును నశించెను. 1689లో స్బరాల్యా యను సహాచార్యుడు ఆ ప్రశ్ననే గ్రంథముగా ప్రకటించెను. మాల్పీఘీ దీర్ఘమైన సమాధానము వ్రాసెను గాని అచ్చొత్తింపలేదు. 1691లో పోపునకు వైద్యుడై రోమునకు పోయి, 1694 నవంబరు 29న అచ్చటనే మరణించెను. ఆ సమాధానము 1697లో లండనున అచ్చయ్యెను.