చూసి నేర్చిన విద్య – సుబ్రత మిత్ర

సినిమా చూసేటప్పుడు మనకు తెరమీద నటీనటులు కనిపిస్తారు. మాటలు, పాటలు వినిపిస్తాయి. కాని వాటిని కెమెరాతో చిత్రించిన మనిషి కనిపించడు. అతన్ని ఛాయాగ్రాహకుడు అంటారు. వెలుగు ఎక్కడ పడాలి, నీడ ఎక్కడ ఉండాలి, కెమెరా ఎటు కదలాలి అన్నవి చూసుకునేది అతడే. ఈ పనిలో మన దేశానికి పేరు తెచ్చినవారిలో సుబ్రత మిత్ర ఒకరు. ఆయన ఈ విద్యను ఏ కళాశాలలోనూ చదవలేదు. మరి ఎలా నేర్చుకున్నారో ఈ పాఠంలో తెలుసుకుందాం.

సుబ్రత మిత్ర 1930 అక్టోబరు 12న కలకత్తాలో ఒక బెంగాలీ కుటుంబంలో జన్మించారు. బడిలో చదివే రోజుల నుండే స్నేహితులతో కలిసి ఇంగ్లీషు సినిమాలు చూసేవారు. ఆ సినిమాలలోని వెలుగునీడలు ఆయన మనసును పట్టుకున్నాయి. భవనాల నమూనాలు గీసే శిల్పి కావాలి, లేదా ఛాయాగ్రాహకుడు కావాలి అనుకున్నారు. కెమెరా సహాయకుడిగా పని కోసం ప్రయత్నించారు. ఎక్కడా దొరకలేదు. చేసేదిలేక సైన్సు చదువు కొనసాగించారు.

అప్పుడే ఒక అవకాశం వచ్చింది. 1950 ప్రాంతంలో ఫ్రాన్సు దేశపు ప్రసిద్ధ దర్శకుడు జాఁ రెన్వా 'ది రివర్' అనే రంగుల చిత్రం తీయడానికి కలకత్తా వచ్చారు. దానికి ఛాయాగ్రాహకుడు ఆయన అన్న కొడుకు క్లాడ్ రెన్వా. మిత్ర వెళ్లి పని అడిగారు. లేదన్నారు. అయినా ఆశ వదులుకోలేదు. తండ్రి ఆయనను వెంటబెట్టుకొని దర్శకుని దగ్గరకు తీసుకువెళ్లారు. పని దొరకలేదు కాని, షూటింగు చూడడానికి అనుమతి దొరికింది.

చూడడమే కదా అని మిత్ర ఊరికే నిలబడలేదు. ఒక నోటుపుస్తకం పెట్టుకున్నారు. ఏ దృశ్యానికి ఏ దీపాన్ని ఎక్కడ పెట్టారు, కెమెరా ఎలా కదిలింది, నటులు ఎటునుండి ఎటు నడిచారు అన్నవన్నీ బొమ్మలు గీసి మరీ రాసుకున్నారు. ఒకసారి ఒక దృశ్యాన్ని మళ్లీ తీయవలసి వచ్చింది. వెలుగు ముందున్నట్లే ఉండాలి. లేకపోతే తెరమీద తేడా తెలిసిపోతుంది. అప్పుడు క్లాడ్ రెన్వా అంతటి అనుభవజ్ఞుడు ఈ కుర్రవాని నోటుపుస్తకం అడిగి చూశారు. పని ఇవ్వనిచోటే ఆయన రాతలు పనికివచ్చాయి.

ఆ షూటింగు దగ్గరే సత్యజిత్ రాయ్‌తోను, కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్తతోను మిత్రకు పరిచయమైంది. రాయ్ 1952లో 'పథేర్ పాంచాలి' మొదలుపెట్టినప్పుడు కెమెరా బాధ్యత మిత్రకు అప్పగించారు. అప్పటికి మిత్రకు ఇంకా ఇరవైరెండేళ్లే. అంతకుముందు సినిమా కెమెరా పట్టినవారే కాదు. దర్శకునికి కూడా అదే మొదటి సినిమా. డబ్బు లేక షూటింగు చాలాసార్లు ఆగిపోయింది. చివరకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం సహాయం చేసింది. 1955లో సినిమా విడుదలైంది. మరుసటి సంవత్సరం ఫ్రాన్సులోని కాన్ చిత్రోత్సవంలో బహుమతి పొందింది.

తరువాతి చిత్రం 'అపరాజితో' (1956). అందులో కాశీలోని ఒక ఇంటి నడవాకిలి చూపించాలి. వానలు పడతాయన్న భయంతో సెట్టును ఆరుబయట కాక స్టూడియో లోపల వేయాలనుకున్నారు. అది కుదరదని మిత్ర వాదించారు. ఎందుకంటే అటువంటి ఇంట్లో వెలుగు ఆకాశం నుండి మెత్తగా దిగుతుంది. మన మండువా ఇళ్లలోనూ ఇంతే కదా! స్టూడియో దీపాల వెలుగు నేరుగా పడితే గట్టి నీడలు ఏర్పడతాయి. చూసేవారికి అది నిజమైన ఇల్లు అనిపించదు.

మిత్ర మాట నెగ్గలేదు. సెట్టు లోపలే వేశారు. అప్పుడాయన ఒక ఉపాయం ఆలోచించారు. సెట్టుపైన ఒక తెల్లని బట్టను ఆకాశంలాగా పరచి కట్టించారు. దీపాలను కింద పెట్టి వాటి వెలుగు ఆ బట్టమీద పడేలా చేశారు. బట్టకు తగిలి తిరిగివచ్చిన వెలుగు నలువైపులా చెదిరి, గట్టి నీడలు లేకుండా మెత్తగా పరుచుకుంది. చూసినవారు అది సెట్టు అని గుర్తించలేకపోయారు. ఈ పద్ధతి తరువాత ఎందరికో దారి చూపింది.

'చారులత' (1964), 'నాయక్' (1966)తో సహా రాయ్ చిత్రాలు పదింటికి మిత్ర పనిచేశారు. హిందీలో 'తీస్రీ కసమ్' (1966) కూడా ఆయన చిత్రించినదే. 'న్యూఢిల్లీ టైమ్స్' చిత్రానికి ఉత్తమ ఛాయాగ్రాహకునిగా జాతీయ పురస్కారం పొందారు. 1997 నుండి కలకత్తాలోని సత్యజిత్ రాయ్ ఫిలిం అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆచార్యునిగా విద్యార్థులకు ఈ విద్య నేర్పారు. 2001 డిసెంబరు 7న మరణించారు. ఒకప్పుడు పక్కన నిలబడి చూసి నేర్చుకున్న మనిషి, చివరికి నేర్పేవాడయ్యాడు.

మీరు కూడా ఒక మేస్త్రీ దగ్గరో, దర్జీ దగ్గరో, మెకానిక్ దగ్గరో పని చూస్తూ ఉండవచ్చు. ఈ రోజు చూసినదాన్ని ఇంటికి వెళ్లాక బొమ్మ గీసి, నాలుగు మాటలు రాసి పెట్టుకోండి.

ఆలోచించి రాయండి
1. క్లాడ్ రెన్వాకు మిత్ర నోటుపుస్తకం ఎందుకు అవసరమైంది?
2. తెల్లని బట్ట కట్టడం వల్ల వెలుగులో వచ్చిన మార్పు ఏమిటి?
3. మీరు చూసి నేర్చుకున్న పని ఒకదాన్ని గురించి ఐదు వాక్యాలు రాయండి.