టెలిపతి కోసం వెతికితే దొరికిన ఆల్ఫా

సైన్యంలో శిక్షణ పొందుతుండగా హాన్స్ బెర్గర్ (1873–1941) గుర్రం మీంచి పడి, ఫిరంగి బండి చక్రాల కింద నలిగిపోయే ప్రమాదం నుంచి వెంట్రుకవాసిలో బయటపడ్డారు. అదే రోజు ఇంటి నుంచి టెలిగ్రామ్ వచ్చింది. దూరాన ఉన్న అక్క కీడు శంకించిందట! టెలిపతి నిజమేనని నమ్మిన బెర్గర్ ఖగోళశాస్త్రం మానేసి వైద్యంలోకి మళ్లారు. జర్మనీలోని యెనాలో సైకియాట్రిస్టుగా స్థిరపడ్డారు.

1924లో మనిషి మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేశారు. తన ఫలితాలపై తనకే అనుమానం. 1929 దాకా ప్రచురించలేదు. 1934లో కేంబ్రిడ్జ్‌లో ఏడ్రియన్, మాథ్యూస్ ధ్రువీకరించాకే లోకం పట్టించుకుంది.

కళ్లు మూసుకుంటే సెకనుకు సుమారు 10 సార్లు లేచే ఆల్ఫా తరంగాలు, కళ్లు తెరిచినా, మనసు దేనిమీదైనా లగ్నమైనా అణిగిపోతాయని ఆయన గమనించారు. తర్వాతి పరిశోధన దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. ఎడమవైపు ఉన్నదానిపై దృష్టి పెడితే మెదడు కుడి భాగంలో ఆల్ఫా తగ్గుతుంది. అక్కర్లేని కుడివైపు దృశ్యాన్ని అందుకునే ఎడమ భాగంలో మాత్రం బలంగా ఉంటుంది.

టెలిపతి దొరకలేదు. నాజీల హయాంలో బలవంతపు స్టెరిలైజేషన్లపై తీర్పులిచ్చే కోర్టులో బెర్గర్ కూర్చున్నారు. ఆయన్ను నాజీల బాధితుడిగా చూపిన జీవిత చరిత్రలు చాలాకాలం ఈ సంగతి దాటేశాయి. 1941 జూన్ 1న యెనాలో ఆత్మహత్య చేసుకున్నారు.