విజ్ఞాన చంద్రికను వెలిగించిన కొమర్రాజు

1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. ప్రపంచ ప్రఖ్యాతి పొందిన ఆ పరిశోధన తెలుగునాట జరిగినదే. అయినా ఇంగ్లీషు రాని తెలుగు రైతుకు ఆ సంగతి చేరే మార్గం లేదు. పరిశోధనశాలకూ పల్లెకూ నడుమనున్న ఈ అగాధాన్ని పూడ్చడానికి జీవితాన్ని ధారపోసిన మహనీయుడు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు.

లక్ష్మణరావు 1877లో కృష్ణా మండలంలోని పెనుగంచిప్రోలులో జన్మించారు. పసితనంలోనే తండ్రిని కోల్పోయిన ఆయనను అక్క భండారు అచ్చమాంబ నాగపూరులో తన ఇంట ఉంచుకొని చదివించింది. అక్కడ ఆయన మరాఠీలో ప్రావీణ్యం సంపాదించి ఆ భాషలో వ్యాసాలు రచించారు. ఎం.ఏ. పట్టం పొంది, మునగాల సంస్థానంలో దివానుగా పనిచేశారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలయడానికి తోడ్పడ్డారు.

గ్రంథాలయం ఏర్పడినా అందులో ఉంచడానికి కావ్యాలు, పురాణాలు ఉన్నంతగా శాస్త్ర గ్రంథాలు లేవు. ఆ లోటు తీర్చడానికి 1906లో మిత్రుల సహకారంతో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. తరువాత ఆ సంస్థ మద్రాసుకు తరలింది.

లక్ష్మణరావు చరిత్ర పరిశోధకులు. ప్రకృతి శాస్త్రాలను ఆ శాస్త్రాలు చదివినవారే చెప్పాలని ఆయన భావించారు. అందుకే ఇంగ్లీషు చదువు చదివిన యువకుల చేత తెలుగులో రాయించారు. పాశ్చాత్య వైద్యం అభ్యసించిన ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రాన్ని, మంత్రిప్రగడ సాంబశివరావు పదార్థ విజ్ఞానాన్ని, వేమూరి విశ్వనాథశర్మ రసాయన శాస్త్రాన్ని తెలుగువారికి అందించారు. కలరా, మలేరియాల గురించి కూడా మండలి పుస్తకాలు వెలువరించింది.

ఈ రచన సులభసాధ్యం కాదు. ఇంగ్లీషులో నేర్చిన విషయానికి తెలుగులో తగిన పారిభాషిక పదం దొరికేది కాదు. పదం కల్పించినా అది పాఠకునికి కొరుకుడు పడాలి. ఏ చదువూ లేని తల్లికి చెప్పవలసి వచ్చినప్పుడే తనకు ఏమి తెలుసో, ఏమి తెలియదో పండితునికి బోధపడుతుంది. తెలుగులో రాయడం ఆ యువకులకు రెండవ విద్యాభ్యాసమైంది.

లక్ష్మణరావు చివరి ఆశయం ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటి యువకులను చేరదీసి ఆ మహాకార్యానికి పూనుకున్నారు. ఒక సంస్థకు మించిన భారాన్ని దాదాపు ఒంటిచేత్తో మోశారు. మూడు సంపుటాలు వెలువడినా ఆ పని ముగియలేదు. 1923 జూలైలో, నలభై ఆరేళ్ల వయస్సులో ఆయన కన్నుమూశారు. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆ కృషిని అందుకున్నారు.

నేడు విశ్వవిద్యాలయాలలో వేలాది యువకులు పరిశోధనలు చేస్తున్నారు. వారి వ్యాసాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే వెలువడుతున్నాయి. కార్వేటినగరం ప్రాంతపు మామిడి రైతుకు తన పరిశోధన ఫలితాన్ని అతని మాటలలో చెప్పగలిగిన నాడే యువ శాస్త్రవేత్త చదువు సార్థకమవుతుంది. లక్ష్మణరావు మొదలుపెట్టిన సర్వస్వం పూర్తికాలేదు; ఆయన మనకు అప్పగించిన పని కూడా ఇంకా పూర్తికాలేదు.