గ్రంథాలయం పెంచిన శాస్త్రవేత్త – వాల్టర్ పిట్స్

ప్రతి వార్షికోత్సవ సంచికలోనూ మనం మహనీయుల జీవితాలు రాసుకుంటూ ఉంటాం. ఫూలే, సావిత్రీబాయి, అంబేద్కర్, జాషువా గురించి రాసేవాళ్లు మనలో ఎప్పుడూ ఉంటారు, ఉండాలి కూడా. ఈసారి మేము మన పాఠ్యపుస్తకాల్లో కనిపించని ఒక శాస్త్రవేత్త గురించి రాయాలనుకున్నాం. ఆయన పేరు వాల్టర్ పిట్స్, అమెరికా దేశస్థుడు. మెదడులోని నాడీకణాలు కలిసి ఎలా ఆలోచించగలవో తర్కశాస్త్రం భాషలో చెప్పిన ఇద్దరిలో ఒకరు. ఈరోజు అందరి నోటా వినిపిస్తున్న కృత్రిమ మేధకు వేర్లు ఎక్కడున్నాయని వెతుక్కుంటూ వెనక్కి వెళితే, ఆయన ఇరవై ఏళ్ల వయసులో రాసిన ఒక పరిశోధనా పత్రం దగ్గరికి చేరతాం. అది రాసేనాటికి ఆయన ఏ కాలేజీలోనూ పద్ధతిగా చేరి చదివినవాడు కాదు.

మా ఇళ్లల్లో డిగ్రీ పట్టా చేతికి తీసుకున్న మొదటివాళ్లం మేమే. అందుకే ఈ జీవితం మాకు ఎక్కడో దూరదేశపు కథలా అనిపించలేదు. అయితే ఇది పేదింటి పిల్లవాడు కష్టపడి గొప్పవాడయ్యాడని చెప్పి ముగించే కథ కాదు. ఇందులో గెలుపు ఎంత ఉందో దుఃఖమూ అంత ఉంది. రెండింటి నుంచీ మనం తెలుసుకోవలసింది ఉంది.

గ్రంథాలయమే బడి

పిట్స్ 1923 ఏప్రిల్ 23న డెట్రాయిట్ నగరంలో పుట్టాడు. మోటారు కార్ల ఫ్యాక్టరీలకు పేరుపడిన ఊరు అది. వాళ్లది కార్మిక కుటుంబం. చదువు మానేసి పనిలోకి పొమ్మని తండ్రి ఒత్తిడి చేసేవాడనీ, ఇంట్లో దెబ్బలు తప్పేవి కావనీ ఆయన మిత్రులు తర్వాతి కాలంలో చెప్పారు. ఆ పిల్లవాడికి దొరికిన ఆశ్రయం ఊళ్లోని ప్రజా గ్రంథాలయం. గ్రీకు, లాటిన్, గణితం, తర్కం అన్నీ అక్కడే, ఎవరి సాయమూ లేకుండా నేర్చుకున్నాడు.

పన్నెండేళ్ల వయసులో జరిగిందని చెప్పే ఒక సంఘటన ఆయన పేరుతో పాటే నిలిచిపోయింది. వీధి పిల్లలు తరుముకొస్తే గ్రంథాలయంలోకి పరుగెత్తి దాక్కున్నాడట. అక్కడ రస్సెల్, వైట్‌హెడ్ రాసిన ప్రిన్సిపియా మాథమాటికా కంటబడింది. గణితం మొత్తాన్ని తర్కం పునాది మీద నిలబెట్టాలని మూడు సంపుటాల్లో రాసిన గ్రంథం అది. పండితులే చదవడానికి జంకుతారు. ఈ పిల్లవాడు మూడు రోజులు అక్కడే ఉండి చదివి, అందులో తనకు కనిపించిన లోపాలను వివరిస్తూ బెర్ట్రాండ్ రస్సెల్‌కు ఉత్తరం రాశాడట. ఆయన మెచ్చుకుని, ఇంగ్లండు వచ్చి కేంబ్రిడ్జిలో చదువుకోమని పిలిచాడట. ఇందులో ఎంత నిజమో, చెప్పేవాళ్లు చేర్చింది ఎంతో విడదీయడం కష్టం. పిట్స్ గురించి మిగిలిన సంగతుల్లో ఎక్కువ భాగం ఆయన మిత్రుడు జెరోమ్ లెట్విన్ నోటి నుంచి వచ్చినవే. కానీ ఆ తర్వాత ఆయన చేసిన పని చూస్తే ఈ కథను కొట్టిపారేయబుద్ధి కాదు.

చికాగోలో తలదాచుకుని

పదిహేనేళ్ల వయసులో పిట్స్ ఇల్లు విడిచి చికాగో వెళ్లిపోయాడు. ఆ రోజుల్లో, అంటే 1938లో, రస్సెల్ అక్కడి విశ్వవిద్యాలయానికి పాఠాలు చెప్పడానికి వచ్చాడు. పిట్స్ అడ్మిషన్ లేకుండానే తరగతుల్లో వెనక కూర్చుని వినేవాడు. ఉండడానికి స్థిరమైన చోటు లేదు. చేతిలో డబ్బు లేదు.

అదే విశ్వవిద్యాలయంలో రుడాల్ఫ్ కార్నాప్ అనే పెద్ద తత్వవేత్త ఉండేవాడు. ఒకరోజు ఈ కుర్రవాడు ఆయన గదిలోకి వెళ్లి, ఆయన రాసిన తర్కశాస్త్ర గ్రంథం మీద తన అభ్యంతరాలు చెప్పి, పేరు కూడా చెప్పకుండా వెళ్లిపోయాడట. కార్నాప్ కోపగించుకోలేదు. ఆ కుర్రవాడు ఎవరో కనుక్కోవడానికి నెలల తరబడి వాకబు చేశాడు. దొరికాక విశ్వవిద్యాలయంలోనే ఒక చిన్న పని ఇప్పించాడు. ఒక గురువు తన తప్పు చూపించిన పిల్లవాణ్ణి వెతికి పట్టుకుని అన్నం పెట్టించడం మామూలు విషయం కాదు.

ఒక ఇంటి కప్పు కింద

చికాగోలోనే పిట్స్‌కు లెట్విన్ స్నేహితుడయ్యాడు. అతను డాక్టరు చదువు కోసం వచ్చిన కుర్రవాడు. వీళ్లిద్దరికీ 1941 తర్వాత వారెన్ మెకల్లక్ పరిచయమయ్యాడు. మెకల్లక్ 1898లో పుట్టాడు. వైద్యం చదివి మెదడు మీద పరిశోధన చేస్తున్న పేరున్న ఆచార్యుడు. పిట్స్ కంటే పాతికేళ్లు పెద్ద. మెదడు చేసే ఆలోచనను తర్కశాస్త్రంతో వివరించాలన్నది ఆయన కోరిక. కానీ దానికి కావలసిన గణితం ఆయన చేతిలో లేదు. ఆ గణితం ఉన్న పిట్స్‌కు ఉండడానికి ఇల్లు లేదు.

1942లో మెకల్లక్ దంపతులు పిట్స్‌నూ లెట్విన్‌నూ చికాగో పక్కనున్న హిన్స్‌డేల్‌లో తమ ఇంట్లోనే ఉండమన్నారు. రాత్రిళ్లు ఇంట్లో పిల్లలు నిద్రపోయాక పెద్దాయనా కుర్రవాడూ కూర్చుని లెక్కలు వేసేవారు. అలా పుట్టిన పత్రం 1943లో బులెటిన్ ఆఫ్ మాథమాటికల్ బయోఫిజిక్స్ అనే పత్రికలో అచ్చయింది. ఇరవై పేజీలు కూడా లేదు.

ఆ పత్రంలో ఏముంది?

మన మెదడులో కోటానుకోట్ల నాడీకణాలు ఉన్నాయి. వాటినే న్యూరాన్లు అంటాం. ఒక న్యూరాన్‌కు ఇతర న్యూరాన్ల నుంచి సంకేతాలు అందుతాయి. అవి ఒక హద్దు దాటితే అది తానూ సంకేతం పంపుతుంది, లేకపోతే ఊరుకుంటుంది. మధ్యస్థంగా సగం పంపడం ఉండదు. ఉంటే ఒకటి, లేకపోతే సున్నా.

దీన్ని మన హాస్టల్ టీవీ గదితో పోల్చుకుందాం. కనీసం ఇద్దరు రూమ్ లీడర్లు అడిగితేనే టీవీ పెట్టాలనే నియమం ఉందనుకోండి. ఒక్కరు అడిగితే పెట్టరు. ఇద్దరు అడిగితే పెడతారు. ఇది “ఇదీ అదీ రెండూ ఉండాలి” అనే తర్కం. ఒక్కరు అడిగినా చాలు అని నియమం మారిస్తే, అది “ఇదైనా అదైనా చాలు” అనే తర్కం. వార్డెన్ సార్ వద్దన్నారనుకోండి, ఎంతమంది అడిగినా టీవీ వెలగదు. ఇది “కాదు” అనే తర్కం. పిట్స్, మెకల్లక్‌ల న్యూరాన్ సరిగ్గా ఇలాగే పనిచేస్తుంది. ఆపమని ఒక్క సంకేతం వచ్చినా అది ఆగిపోతుంది.

ఇలాంటి న్యూరాన్లను ఒకదానికొకటి కలుపుకుంటూ పోతే తర్కంలో రాయగలిగిన ఎంత చిక్కు వాక్యాన్నైనా ఒక వలగా అల్లవచ్చని వాళ్లు నిరూపించారు. ఒక ఉదాహరణ కూడా చూపించారు. చల్లటి వస్తువును చర్మానికి క్షణకాలం తాకించి తీసేస్తే వెచ్చగా తగిలినట్టు అనిపిస్తుంది. ఇంకొంచెం సేపు ఉంచితే చల్లగానే ఉంటుంది. ఈ భ్రమ ఎలా కలుగుతుందో కొద్దిపాటి న్యూరాన్లతో బొమ్మ గీసి వివరించారు. సంకేతం వలయంలో తిరుగుతూ ఉంటే అదే జ్ఞాపకంగా నిలవగలదని కూడా అన్నారు.

ఈ నమూనాలో న్యూరాన్ చాలా సరళం. అసలు న్యూరాన్ ఇంతకంటే ఎన్నో రెట్లు క్లిష్టమైనది. పైగా ఈ వలకు నేర్చుకోవడం ఎలాగో ఆ పత్రం పూర్తిగా చెప్పలేదు. అయినా అది తలుపు తెరిచింది. 1945లో జాన్ వాన్ న్యూమన్ కంప్యూటర్ నిర్మాణం ఎలా ఉండాలో రాసిన ప్రసిద్ధ నివేదికలో పేర్కొన్న ప్రచురిత పరిశోధనా పత్రం ఇదొక్కటే. 1958లో ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్ అనుభవం నుంచి నేర్చుకునే పెర్సెప్ట్రాన్‌ను ప్రకటించాడు. 2024లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి హాప్‌ఫీల్డ్, హింటన్‌లకు వచ్చింది కృత్రిమ నాడీ వలల మీద వాళ్లు చేసిన పనికే. ఆ దారికి మొదట్లో నిలబడి ఉన్నవాడు ఇల్లు విడిచి వచ్చిన ఆ డెట్రాయిట్ కుర్రవాడు.

వెలుగు, తర్వాత చీకటి

1943 చివర్లో లెట్విన్ పిట్స్‌ను నార్బర్ట్ వీనర్ దగ్గరికి తీసుకెళ్లాడు. సైబర్నెటిక్స్ శాస్త్రానికి ఆద్యుడైన వీనర్ అప్పుడు బోస్టన్ దగ్గర ఎం.ఐ.టి.లో గణితాచార్యుడు. ఆ కుర్రవాడి ప్రతిభ చూసి ముచ్చటపడి, సర్టిఫికెట్ల సంగతి పక్కనపెట్టి ప్రత్యేక విద్యార్థిగా చేర్పించాడు. తండ్రి ప్రేమ ఎరగని పిట్స్‌కు వీనర్ తండ్రిలాంటివాడయ్యాడు. 1952లో మెకల్లక్ కూడా ఎం.ఐ.టి.కి వచ్చాడు. మిత్రులంతా మళ్లీ ఒకచోట చేరారు.

సరిగ్గా ఆ సమయంలోనే వీనర్ వీళ్లందరితో సంబంధం తెంచుకున్నాడు. కారణం ఆయన ఇంట్లో పుట్టిన ఒక అపార్థం. అందులో పిట్స్ చేసిన తప్పేమీ లేదని తర్వాత పరిశోధించి రాసినవాళ్లు తేల్చారు. కానీ వీనర్ కారణం చెప్పలేదు. వీళ్లు అడిగి తెలుసుకునే వీలు కూడా లేకపోయింది. మిగిలినవాళ్లు తట్టుకున్నారు. పిట్స్ తట్టుకోలేకపోయాడు.

1959లో లెట్విన్, మాతురానా, మెకల్లక్, పిట్స్ నలుగురూ కలిసి కప్ప కన్ను మీద ఒక పత్రం ప్రకటించారు. కన్ను కెమెరాలాగా బొమ్మ తీసి పంపితే ఆలోచనంతా మెదడే చేస్తుందని చాలామంది అనుకునేవారు. కప్ప కన్ను అలా చేయదని వాళ్లు చూపించారు. ఎదుట చిన్న నల్లటి వస్తువు కదిలితే స్పందించే నాడీ తంతువులు కంటి నుంచి వచ్చే నరంలోనే ఉన్నాయి. ఈగ వాలిందన్న కబురులో సగం కంటిలోనే తయారవుతుందన్నమాట. అది గొప్ప పరిశోధన. కానీ మెదడు పనంతా శుద్ధమైన తర్కమేనని నమ్మిన పిట్స్‌ను ఆ ఫలితం లోలోపల కుంగదీసిందని లెట్విన్ చెప్పాడు.

పిట్స్ మనుషులకు దూరమయ్యాడు. మద్యానికి బానిసయ్యాడు. మూడు కొలతల్లో అల్లుకున్న నాడీ వలల మీద ఏళ్ల తరబడి రాసుకున్న సిద్ధాంత గ్రంథాన్ని తన చేతులతోనే తగలబెట్టాడు. డాక్టరేటు ఇస్తామన్నా కాగితాల మీద సంతకం పెట్టడానికి ఒప్పుకోలేదని చెబుతారు. చికాగో విశ్వవిద్యాలయం ఇచ్చిన అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్ అనే చిన్న పట్టా ఒక్కటే ఆయన పేరున మిగిలింది. 1969 మే 14న కేంబ్రిడ్జి పట్టణంలో ఒక అద్దె గదిలో, కాలేయం చెడిపోవడం వల్ల జరిగిన రక్తస్రావంతో ఒంటరిగా చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 46 ఏళ్లు. అదే ఏడాది సెప్టెంబరులో మెకల్లక్ కూడా కన్నుమూశాడు.

మనకేం చెబుతోంది?

మిత్రులారా, తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈ జీవితం చదివి ప్రతిభ ఉంటే చాలునని అనుకుంటే మనం సగమే చదివినట్టు. పన్నెండేళ్లప్పుడు పిట్స్‌కు ఎంత తెలివి ఉందో నలభై ఏళ్లప్పుడూ అంతే ఉంది. మారింది ఆయన చుట్టూ ఉన్న మనుషులు. గ్రంథాలయం తలుపు తెరిచి ఉంది కాబట్టి చదివాడు. కార్నాప్ వెతికాడు కాబట్టి పని దొరికింది. మెకల్లక్ ఇంట్లో కప్పు, కంచం, మాట దొరికాయి కాబట్టి ఆ పత్రం పుట్టింది. ఆ ఆసరా జారిపోయినప్పుడు అంతటి మేధావీ నిలబడలేకపోయాడు.

హాస్టల్ అంటే అన్నం పెట్టి పడుకోనిచ్చే చోటు అని బయటివాళ్లు అనుకుంటారు. అది దయతో ఇచ్చేది అన్నట్టు మాట్లాడేవాళ్లూ ఉన్నారు. హిన్స్‌డేల్‌లోని ఆ ఇల్లు పిట్స్‌కు ఏమిచ్చిందో చూస్తే హాస్టల్ విలువ మనకు అర్థమవుతుంది. పక్క మంచం మీద అర్ధరాత్రి దాకా లెక్క గురించి వాదించే మనిషి ఉండడం కూడా చదువులో భాగమే.

అందుకే మేము రెండు మాటలు చెప్పదలచుకున్నాం. మొదటిది, గ్రంథాలయంలో మీ క్లాసుకు మించిన పుస్తకం కనిపిస్తే భయపడి పెట్టేయకండి. ఎవరి అనుమతీ అడగకుండా తెరిచి చూడండి. రెండోది, మన గదుల్లో బాగా చదివే పిల్లవాడో పిల్లో ఉన్నట్టుండి మాట్లాడడం మానేసి, మెస్‌కు రాకుండా, ఒంటరిగా ఉంటే, తెలివైనవాళ్లు కదా వాళ్లే చూసుకుంటారని వదిలేయకండి. వెళ్లి పక్కన కూర్చోండి. వార్డెన్ సార్‌కో మేడమ్‌కో చెప్పండి. అవసరమైతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఒక న్యూరాన్ ఒంటరిగా ఉంటే ఆలోచన కాదు. నాలుగు కలిస్తేనే వల అవుతుంది. ఈ సంగతి లోకానికి లెక్కవేసి చూపించినవాడే చివరికి ఒంటరిగా మిగిలిపోయాడు. మనలో ఎవరూ అలా మిగలకుండా చూసుకోవడమే వాల్టర్ పిట్స్‌కు మనం ఇవ్వగల నివాళి.